గొడుగు కింద సర్దారు

మా దిక్కు ఎవరైనా మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి దాని మీద ఏదో ఒకటి బిగిస్తే, అది ఎవరి పొలం వైపు తిరిగిందో ముందు చూస్తాం. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఆ తరువాతే. అలాంటి సర్వే స్టాండ్ల వెనకాలే మాకు రోడ్డు వచ్చింది, వంతెన వచ్చింది, కొందరి చేలల్లోకి ముంపు నీళ్ళూ వచ్చాయి. అందుకే ఆ చలికాలం మహారాష్ట్ర అంచున సిరోంచ దగ్గర ప్రాణహిత ఇసుకలో ముంబై వాళ్ళు వరసగా స్టాండ్లు పాతినప్పుడు, బడి నుంచి వస్తూ వస్తూ ఆటో ఆపించి మరీ వాటి మూతులు ఎటున్నాయో చూశాను. నది వైపే ఉన్నాయి. అయినా నాకు నమ్మకం కలగలేదు.

సినిమా తీస్తున్నామన్నారు. ఎప్పటిదో తెలియని పాత కాలం, ఎక్కడిదో తెలియని నదీ రాజ్యం. ముసుగు వేసుకున్న వీరుడు తాడు పట్టుకుని పడవ మీంచి పడవ మీదికి దూకుతాడు, నోట్లో కత్తి పెట్టుకుని కోట గోడ ఎక్కుతాడు, పన్నుల పేరుతో జనాన్ని పిండే రాజును ముప్పుతిప్పలు పెడతాడు. చిన్నప్పుడు వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని ఇలాంటివి మేమెన్ని చూశామో లెక్కలేదు. వాటిలో ఒక్కదాంట్లో కూడా మాలాంటి ముఖం మంచి బట్టల్లో కనపడలేదు. నల్లగా ఉన్నవాడు దొంగ, కాకపోతే దొంగ చేతిలో చచ్చేవాడు. రాజు తెల్లగా ఉండేవాడు, రాజు గుర్రం ఇంకా తెల్లగా ఉండేది.

ఈ సినిమా అలా ఉండదని చెప్పడానికే యూనిట్‌లో ఒక అమ్మాయి ఉంది. వేషాలకు మనుషుల్ని వెతికి పట్టుకోవడం ఆమె పని. మేము ముఖాలమ్మాయి అని పేరు పెట్టుకున్నాం. నేను బామ్నిలో జిల్లా పరిషత్ బడిలో టీచర్ని. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, పై అధికారులతో హిందీ, నా దగ్గర చదివే పిల్లల పుణ్యమా అని కాస్త గోండి. ఈ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, ఆ అమ్మాయి నేరుగా బడికే వచ్చింది.

"ఈ నది ఒడ్డున ఎన్ని రకాల మనుషులున్నారో అన్ని రకాలూ తెర మీద కనపడాలి మేడమ్. ఇది అందరి సినిమా" అంది హిందీలో, కళ్ళు పెద్దవి చేసి.

'అందరి' అనే మాట చెవిన పడగానే నాకు అనుమానం మొదలవుతుంది. అందరిదీ అన్న నీళ్ళ కుళాయి మా వాడ మలుపు దాకా వచ్చి ఎందుకు ఆగిందో నాకింకా తెలియదు. అయినా ఆదివారం కదా, ఊరికే చూసి వద్దామని ఎంపిక జరిగే చోటికి పోయాను.

రేగుంట నుంచి, బామ్ని నుంచి, అడవి ఊళ్ళ నుంచి, సిరోంచ బజారు నుంచి జనం ట్రాక్టర్లెక్కి వచ్చారు. ముఖాలమ్మాయి ఒక్కొక్కరినీ ఎండలో నిలబెట్టి ఫోనులో ఫోటో తీసి, నువ్వు ఇటు, నువ్వు అటు అని పంపుతోంది. కాసేపు చూస్తే వరస అర్థమైంది. నలుపు తేలినవాళ్ళంతా ఒక పక్క, కాస్త రంగున్నవాళ్ళంతా ఇంకో పక్క. నల్లవాళ్ళు దర్బారుకట, తెల్లవాళ్ళు సేవకులకట.

"పాత సినిమాలను తలకిందులు చేస్తున్నాం" అంది మురిసిపోతూ.

"తలకిందులు చేసినా, చూసింది తోలు రంగే కదమ్మా" అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. ఇలా మొహం మీద మాట్లాడేవాళ్ళే కావాలంటూ నన్ను షూటింగ్‌లో ఒకరి భాష ఇంకొకరికి మార్చి చెప్పే పనికి పెట్టుకుంది. నా నోరు మూయించడానికి ఇదొక ఎత్తేమోనని అప్పుడే అనుకున్నాను. కానీ బడికి సెలవులు, లోపల ఏం జరుగుతుందో దగ్గరుండి చూడొచ్చు. ఒప్పుకున్నాను.

చూడాల్సినవి బాగానే కనిపించాయి. అడవి ఊళ్ళ గోండు మగవాళ్ళకు పడవలు నడిపే వేషాలిచ్చి, నెత్తిన పక్షి ఈకల టోపీలు పెట్టారు. వాళ్ళలో ఒకాయన టోపీ తీసి అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏ పిట్టదని అడిగాడు. ప్లాస్టిక్‌ది. మీ పండగల్లో పెట్టుకునేదే కదా అంది ముఖాలమ్మాయి. మా పండగల్లో ఇట్లాంటిది మేమెన్నడూ చూడలేదని ఆయన చెప్పాడు, నేను హిందీలో అదే చెప్పాను. మరి దూరం నుంచి చూసేవాళ్ళకు వీళ్ళెవరో తెలియాలి కదా అంది ఆమె. తెలియాలి నిజమే. కానీ తెలిసేది ఎవరు? ఆ పడవల్లో కూర్చున్నవాళ్ళకే తాము ఎవరో తెలియకుండా పోయింది.

మా నాన్నను మేము బాపు అంటాం. ఆయన సంగతి ఎంపిక జరిగిన ఆదివారమే మొదలైంది. అమ్మ పోయినప్పటి నుంచి మా బాపు నా దగ్గరే ఉంటున్నాడు. కూలి చేసి, రాత్రిబడిలో చదివి, పంచాయతీ సమితిలో చప్రాసీగా చేరి, రిటైరైన మనిషి. కాకి నలుపు, నిటారైన ఒళ్ళు, పాలనురుగులాంటి మీసాలు. నాకు టిఫిన్ డబ్బా తెచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ముఖాలమ్మాయి ఫోను దించి అలాగే చూస్తూ ఉండిపోయింది.

"సర్దార్ దొరికాడు" అంది.

రాజు దగ్గర ఉండే సర్దార్లలో ఈయన మంచివాడట. వీరుడు నది దాటి పారిపోతుంటే, వెంట తరిమే రాజు పడవలను తానే ఆపిస్తాడట. పెద్ద కుర్చీలో కూర్చుని చెయ్యెత్తి ఒకే ఒక్క మాట చెప్పాలి. ఆ మాట హిందీలో కాదు, ఇక్కడి తెలుగులోనే ఉండాలని ఆ అమ్మాయి దర్శకుడితో పోట్లాడి ఒప్పించింది. ఇందులో ఆమెను మెచ్చుకోక తప్పదు. మా ఊరి మాట ఒక్కటి, మా బాపు నోటి నుంచి, ఇంత పెద్ద సినిమాలో! నా అనుమానం నా దగ్గరే ఉన్నా, లోపల మాత్రం పొంగిపోయాను. వారం రోజులూ బాపు మీసాలకు నూనె రాసుకుంటూ, ఇంటి ముందు కోళ్ళ మీద చెయ్యెత్తి "పడవలు ఆపుండ్రి" అని ఆజ్ఞలిచ్చాడు. కోళ్ళు ఆగలేదు గానీ, పక్కింటివాళ్ళు వచ్చి చూసి పోయారు.

ఇక్కడ పటేల్ గురించి చెప్పాలి. నది పక్కన వరి పండించే పాత రైతు కుటుంబం వాళ్ళది. మా తాత, అంటే బాపు తండ్రి, వాళ్ళింట్లోనే ఏళ్ళ తరబడి పాలేరుగా జీతం చేశాడు. ఇప్పుడు ఎవరూ ఎవరికీ జీతగాళ్ళు కారు. పటేల్ మనవడికి మరాఠీ నేర్పింది నేనే. దారిలో కనపడితే బాగున్నావా టీచరమ్మా అంటాడు, బాగున్నా పటేలా అంటాను. పైకి అంతా బాగానే ఉంటుంది. బాగుండనిది ఒక్కటే. పటేల్ అల్లంత దూరంలో కనపడితే చాలు, బాపు లేచి నిలబడతాడు. బస్టాండులో లేస్తాడు, పెళ్ళి విందులో విస్తరి ముందు నుంచి లేస్తాడు. ఒకసారి మంగలి కుర్చీలో సగం గడ్డం గీసి సబ్బునురగతో ఉండగా లేచి, పటేల్ వైపు తిరిగి, ఆయన బజారు మలుపు దాటేదాకా అలాగే నిలబడ్డాడు. మంగలి కత్తి పట్టుకుని నోరెళ్ళబెట్టాడు.

నాకు చచ్చేంత చిరాకు. ఎన్నిసార్లు అన్నానో.

"ఇంకెందుకు లేస్తవు బాపు? ఆయిన నీకేం పెడ్తుండు? నువ్వు సర్కారు నౌకరి జేసినోనివి."

"అలవాటు బిడ్డా" అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలేది కాదు. చదివిస్తే నా నోరు పెరిగింది గానీ ఈయన వెన్ను మాత్రం ఆ ఇంటి ముందు వంగే ఉందని మండిపడేదాన్ని.

షూటింగ్ రోజు పొద్దున్నే ఇసుకలో కుర్చీ వేశారు. ఎత్తైన కుర్చీ, చేతుల చివర సింహాలు. తాకితే సింహాలు థర్మాకోల్‌వి. బాపుకు ఎర్ర పట్టు అంగీ, జరీ తలపాగా, నడుముకు కత్తి. నేను దగ్గరకు పోయి చూసి, నిజం చెప్పొద్దూ, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అంత అందంగా ఉన్నాడు. ఎవరి పెళ్ళిలోనూ, ఆఖరికి తన పెళ్ళిలోనూ ఆయన అలాంటి బట్ట కట్టి ఉండడు.

అప్పుడు బట్టలు మార్చుకునే గుడారం నుంచి గొడుగు పట్టే సేవకుడు బయటికొచ్చాడు. పొడుగాటి వెదురు కర్రకు పెద్ద పట్టు గొడుగు, దాని కింద తెల్ల పంచె, ఒంటి మీద చొక్కా లేదు. పచ్చని ఒళ్ళు. పటేల్.

ఆయనకు రాజు మనిషివని, మొదటి నుంచి చివరి దాకా తెర మీద ఉంటావని చెప్పారట. కుర్చీలో ఎవరుంటారో చెప్పలేదు. ఆ అమ్మాయికి మాత్రం ఏం తెలుసు, ఆమె చూసింది రంగే. కానీ పటేల్‌కు ఆ సంగతి ఎవరు చెప్పాలి? ఆయన బాపును చూశాడు, కుర్చీని చూశాడు, చివరికి నా వైపు తిరిగాడు.

"టీచరమ్మా, గిదంత నీ పనేనా?"

"నాకేం ఎర్క పటేలా. ముంబైయ్యోళ్ళు జేసిన్రు."

నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు. ఇది ఆయన కావాలని అల్లిన కథేమోనని నేనూ అనుకుంటున్నాను కదా, బాపును అందరి ముందు నవ్వులపాలు చేయడానికి. ఆయన వెళ్ళిపోతాడనుకున్నాను. కానీ ఒడ్డున ఆయన కొడుకు, కోడలు, మనవలు ఫోన్లు పట్టుకుని చేతులూపుతున్నారు. వేషం వేసుకున్నాక తోక ముడిచి పోతే ఇంకా పరువు తక్కువ. గొడుగు కర్రను ఇసుకలో ఒకసారి గట్టిగా పొడిచి, కుర్చీ వెనక్కి పోయి నిలబడ్డాడు.

సీను చాలా చిన్నది. సర్దారు నది వైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. వెనుక నుంచి గొడుగు పట్టుకుని సేవకుడు నడిచి వస్తాడు. సర్దారు మీద నీడ పడగానే ఆయన చెయ్యెత్తి ఆ మాట చెబుతాడు. పొద్దుటి ఎండ వెనకవైపు నుంచి ఉంది. మనుషుల నీడలు ఇసుక మీద నది దాకా పొడుగ్గా పడుతున్నాయి. ఆ నీడల కోసమే ఇంత పొద్దున తీస్తున్నామని, ఎండెక్కితే పొట్టివైపోతాయని దర్శకుడు తొందరపెట్టాడు.

మొదటిసారి, వెనుక ఇసుకలో అడుగుల చప్పుడు కాగానే బాపు లేచి నిలబడ్డాడు. కట్.

మరచిపోయాడేమోనని అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు తెలుసు. దగ్గరికి పోయి చెవిలో చెప్పాను.

"బాపు, లెవ్వకు. ఇది నాటకం. నువ్వు సర్దారువి, ఆయిన నీ నౌకరు."

"లెవ్వను బిడ్డా. నువ్వు పో."

రెండోసారి కూడా లేచాడు. ఆ తరువాత చేతులతో కుర్చీ అంచులు పట్టుకున్నాడు. సింహం ముఖం ఒకటి ఊడి చేతిలోకొచ్చింది గానీ ఆయన లేవనే లేచాడు. ఇంకోసారి లేవలేదు, కానీ ఒళ్ళంతా వెనక్కి తిప్పి చూశాడు. తలపాగా కింద చెమట కారుతోంది. జ్వరం వచ్చిన మనిషిలా ఉన్నాడు. వెనుక పటేల్ ఏమీ అనకుండా గొడుగు పట్టుకుని వచ్చినప్పుడల్లా మళ్ళీ వెనక్కి పోతున్నాడు. ఆయన ముఖంలో నవ్వుందా అని నేను ఎగాదిగా చూశాను. కనపడలేదు. అయినా లోపల ఉండే ఉంటుందని అనుకున్నాను.

ఈ నీడలు ఇక ఎక్కువసేపు ఉండవంటూ దర్శకుడు టోపీ తీసి తొడ మీద కొట్టుకున్నాడు. ముఖాలమ్మాయిని పిలిచి ఏదో చెప్పాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది, ఇంకేదో చెప్పింది, చివరికి చేతులు వదిలేసి నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఇద్దరి బట్టలూ మారుద్దాం. ఆయన కూర్చుంటారు, మీ నాన్నగారు గొడుగు పడతారు. ఇద్దరూ ఇక్కడివాళ్ళే కదా. మాట కూడా అదే ఉంటుంది."

ఇద్దరూ ఇక్కడివాళ్ళే కదా! నేను మొదటి రోజు నుంచి ఎదురుచూస్తున్నది ఇదే. ఏదో ఒక పొద్దున కుర్చీ వెనక్కి లాక్కుంటారని నాకు తెలుసు. నా ఒళ్ళు మండిపోయింది. "నల్లవాళ్ళకు కుర్చీ ఇస్తామని ఇంత దూరం వచ్చారు. కాస్త ఎండ ఎక్కేసరికి మీ అందరి సినిమా అయిపోయిందా?" అని హిందీలో అందరూ వినేలా అరిచాను. లైట్లు మోసేవాళ్ళు కూడా ఆగి చూశారు.

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. "మేం ఇవ్వలేదని అనకండి మేడమ్. ఇచ్చాం. కూర్చోనిది ఆయనే."

ఆమె మీద కోపమంతా ఒక్కసారిగా బాపు మీదికి తిరిగింది. ఒక్క నిమిషం కూర్చుంటే అయిపోయేదానికి! హిందీ బాపుకూ వచ్చు. మా మాటలన్నీ విన్నాడు. మెల్లగా తలపాగా కొస వెతికి విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు పటేల్ కుర్చీ వెనుక నుంచి చుట్టూ తిరిగి బాపు ముందుకు వచ్చాడు. బాపు లేచాడు. పటేల్ గొడుగు కర్రను ఇద్దరి మధ్య ఇసుకలో నిలబెట్టి, ఒక చేయి పైన, ఒక చేయి కింద పెట్టి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇటు జూడు" అన్నాడు. "రెండు చేతులు గొడుగుకే ఉన్నయి. కూసో."

బాపు ఆ చేతులను చూశాడు. చాలాసేపు చూశాడు. కూర్చున్నాడు.

పటేల్ మళ్ళీ వెనక్కి పోయి నడిచి వచ్చాడు. నీడ పడింది. బాపు కదలలేదు. చెయ్యెత్తి "పడవలు ఆపుండ్రి" అన్నాడు. నది అవతలి దాకా వినపడి ఉంటుంది. గోండు మగవాళ్ళు ప్లాస్టిక్ ఈకలు ఊగుతుండగా తెడ్లు నీళ్ళలో నిలిపారు. దర్శకుడు ఎగిరి గంతేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ముఖాలమ్మాయి ఇదంతా తన ఫోనులో తీసుకుంది. ఆ పెద్దాయన ఏమన్నాడని నన్ను అడిగింది. రెండు చేతులూ గొడుగుకే ఉన్నాయి, కూర్చో అన్నాడని ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎంత ప్రేమ!" అని ఆమె కళ్ళు తుడుచుకుంది. తరువాత అది యూనిట్ వాళ్ళ చిన్న వీడియోలో వచ్చింది. నది ఒడ్డున ఇద్దరు పాత స్నేహితులట. కింద జనం పెట్టిన ఎర్ర గుండెలు చూసి ఫోను పక్కన పడేశాను.

ఎందుకంటే నాకు అర్థమైంది వేరు. చదువుకున్న కూతురు చెబితే కూర్చోలేదు, సినిమావాళ్ళు బతిమాలితే కూర్చోలేదు, పటేల్ కూసో అంటే కూర్చున్నాడు. సర్దారు కుర్చీ ఎక్కడానికి కూడా ఆ ఇంటి హుకుం కావాల్సి వచ్చింది. ఆటోలో ఇంటికొచ్చేటప్పుడు బాపుతో మాట్లాడలేదు. ఆ తరువాత కూడా ఆ సంగతి ఎత్తితే లేచి పక్కకు పోయేదాన్ని. పటేల్ ఎదురైతే బాగున్నావా అంటాడు, విననట్టు పోయేదాన్ని. ఆ మనిషి అందరి ముందు మా ఇంటి మీద ఏదో ముద్ర వేశాడని, అదేమిటో నాకు చెప్పడం చేతకావడం లేదని ఉడికిపోయేదాన్ని.

సినిమా వచ్చేసరికి వానలు కూడా వెళ్ళిపోయాయి. తెలుగులోకి మార్చిన సినిమా మంచిర్యాలలో ఆడుతోందని తెలిసి, బాపును తీసుకుని బస్సులో వంతెన దాటి పోయాను. నేను పోయింది ముచ్చట కోసం కాదు. బాపు సీను కోసేసి ఉంటారని అనుమానం, అది రూఢి చేసుకుందామని పోయాను.

కొయ్యలేదు. మార్చారు. తెర మీద దొంగలూ, పడవ మీద తాగి తందనాలాడేవాళ్ళూ మాట్లాడింది మా మాట. ఏంది, గిట్ల, ఎట్ల అని వాళ్ళు నోరు తెరిచినప్పుడల్లా హాలు నవ్వింది. వీరుడు, రాజకుమారి, రాజు మాత్రం పుస్తకాల్లో మాట్లాడే తెలుగు మాట్లాడారు. చివర్లో నది ఒడ్డు వచ్చింది, కుర్చీ వచ్చింది, బాపు వచ్చాడు. చెయ్యెత్తాడు. ఎవరో గంభీరమైన గొంతువాడు "పడవలను నిలిపివేయండి!" అన్నాడు. బాపు పెదవులు ఒకటి పలుకుతున్నాయి, గొంతు ఇంకొకటి పలుకుతోంది. కోళ్ళకు కూడా తెలిసిన ఆ మాట హాల్లో ఎవరికీ వినపడలేదు. నాకు ఏడుపొచ్చింది.

కానీ గొంతు పోయినా ముఖం ఉంది, తెర నిండా ఉంది. మా వెనక వరసలో ఎవరో పక్కవాడితో అన్నారు: "ముసలాయిన సూపు సూడు, ఎవ్వన్ని నమ్మెటట్టు లేడు. ఏం ఆక్టింగురా!"

అప్పుడు నేనూ చూశాను. షూటింగ్ రోజు నేను పక్క నుంచి చూశాను కాబట్టి నాకు తెలియలేదు. బాపు చూస్తున్నది పడవలను కాదు. తల నది వైపే ఉంది, కనుగుడ్లు మాత్రం కిందికి వాలి, ఇసుక మీద ఒక చోట నిలిచిపోయాయి. తన నీడను దాటి, గొడుగు కర్ర నీడ పొడుగ్గా పడిన చోట. ఆ కర్ర నీడను పట్టుకుని రెండు చేతుల నీడలు.

బయటికొచ్చాక బస్టాండు దగ్గర టీ తాగుతూ అడిగాను. ఇన్ని నెలల తరువాత ఆ సంగతి నా అంతట నేను ఎత్తడం అదే మొదలు.

"బాపు, ఆ రోజు నువ్వు పడవల దిక్కు జూడలే. ఏం జూసినవు?"

బాపు టీ ఊదుకున్నాడు.

"పటేల్ చేతులు" అన్నాడు.

ఆ తరువాత తనే చెప్పాడు. "మా అయ్య కల్లం కాడ కూసోని గట్క తింటుండె. ఎన్క నుంచి పెద్ద పటేల్, అంటే గీయన తండ్రి, వచ్చి ముల్లుకర్రతోని తల మీద కొట్టిండు. ఎందుకు కొట్టిండో మా అయ్యకు సచ్చేదాంక ఎర్కలే. ఒక చెవు ఇగ ఇనవడలే. గప్పటి సంది మా అయ్య నాకు చెప్పిండు. ఆ ఇంటోళ్ళ అడుగు ఇనవడంగనే లేవాలె, వాళ్ళ దిక్కు తిరుగాలె, చేతులు జూసుకోవాలె. కూసున్నోని ఎన్కకు వాళ్ళను రానియ్యద్దు. మర్యాద జేస్తున్నడు అనుకుంటె అనుకోనియ్యి అన్నడు."

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. బస్టాండు, మంగలి కుర్చీ, పెళ్ళి విందు, అన్నీ ఒక్కసారిగా వేరేగా కనపడ్డాయి. వంగిన వెన్ను అని నేను సిగ్గుపడ్డదంతా కాపలా. ఊరు ఊరంతా, పటేల్‌తో సహా, వినయం అనుకున్నదాన్ని ఈయన ఇన్నేళ్ళూ అనుమానంగానే మోశాడు. అనుమానం నా సొంత గుణమని, చదువు వల్ల వచ్చిందని నేను అనుకుంటూ తిరిగాను.

"ఊరు ఊరంతా కాదు" అన్నాడు బాపు, నేను పైకే అన్నట్టున్నాను. "పటేల్‌కు ఎర్కే. నేనప్పుడు గింత పోరన్ని. ఆయిన గూడ గంతే. కల్లం కాడ గడ్డి మీద ఇద్దరం దుంకులాడుతుంటిమి. ఇద్దరం జూసినం. మల్ల ఎన్నడు ఆ ముచ్చట ఆయిన ఎత్తలే, నేనూ ఎత్తలే. గా సినిమా కాడనే ఎత్తిండు."

"అంటె తప్పైందని చెప్పినట్టా?"

"ఏమో బిడ్డా. చేతులైతే జూపెట్టిండు."

బస్సు వచ్చి ఆగింది. జనం ఎగబడుతున్నారు. నేను లేవలేదు. ఇంకొక్కటి అడగకుండా ఉండలేకపోయాను.

"మరి నమ్మకం కుదిరిందా బాపు?"

"కుదిరింది" అన్నాడు, గ్లాసులో మిగిలిన టీ తాగేసి. "గొడుగు దించేదాంక."